పెద్ద టెక్ కంపెనీల పద్ధతులు చిన్న టీంలో పెట్టడం ఎలా?

"కొత్తగా టీం లీడ్ అయ్యాను. అమెజాన్‌లో ఇలా చేస్తారట, గూగుల్‌లో అలా చేస్తారట అని తలా ఒకటి చెబుతున్నారు. వాటిలో మాకు పనికొచ్చేవి ఏవి? ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను.

ఇది అయిదుగురి నుంచి పదిహేను మంది దాకా ఉన్న టీంని నడిపేవాళ్ల కోసం. సాఫ్ట్‌వేర్ టీమే కానక్కర్లేదు, నలుగురు కలిసి పనిచేసే చోటు ఏదైనా సరే.

ముందే ఒక మాట. పెద్ద కంపెనీల గురించి బయట చెప్పుకునేవాటిలో చాలావరకు ఆర్భాటమే. అది వదిలేయండి. పనికొచ్చేవి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటాయి: పని ఎవరిదో పేరు రాసిపెట్టడం, నిర్ణయానికి ముందు ఆలోచనని కాగితం మీద పెట్టడం, తప్పు జరిగితే మనిషి వెంట పడకుండా పద్ధతిలో లోపం వెతకడం. మామూలువే అయినా చాలామంది చేయరు. ఎందుకంటే ఇవన్నీ ముందు ఇబ్బంది పెట్టేది లీడ్‌నే.

కావాల్సినవి

- టీంలో అందరూ చూడగలిగే, మార్చగలిగే ఒక షేర్డ్ డాక్యుమెంట్. దీనికోసం కొత్త టూల్ కొనకండి. టూల్ నేర్చుకోవడంలోనే నెల గడిచిపోతుంది.
- వారానికి మూడు నాలుగు గంటల మీ సొంత సమయం. టీం సమయం కాదు, మీది.
- టీంని ఇప్పుడు నిజంగా వేధిస్తున్న ఒక సమస్య.
- తప్పు జరిగిందని చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని మీ పైవాళ్ల నుంచి మాట. ఇది దొరక్కపోతే 5వ స్టెప్ జోలికి వెళ్లకండి. కారణం అక్కడ చెబుతాను.

1. ఒక్క సమస్య తీసుకోండి, దానికి సరిపడే ఒక్క పద్ధతి పట్టుకోండి

కింద చెప్పినవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మీ బాధ ఏంటో చూసి ఆ స్టెప్‌కి నేరుగా వెళ్లిపోండి.

- "అది వాళ్లు చూస్తున్నారనుకున్నా" అన్న మాట తరచూ వినిపిస్తుంటే: 2.
- చిన్న విషయానికి కూడా నిర్ణయం తేలకపోతుంటే: 3.
- మీటింగులు ఎక్కువై, బయటికి వచ్చాక ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంటే: 4.
- అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంటే: 5.
- మంచివాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తుంటే: 6.

బాధ ఏంటో తెలియకపోతే టీంలో ముగ్గురిని విడివిడిగా అడగండి: "పోయిన వారం మీ టైం ఎక్కడ వృథా అయింది?" ముగ్గురిలో ఇద్దరు ఒకటే చెబితే అదే మీ సమస్య. మీరు ముందుగా ఊహించుకున్నది కాకపోవచ్చు.

2. ప్రతి పనికీ ఒక్క పేరు రాయండి

ఆపిల్‌లో దీన్ని డీఆర్‌ఐ (డైరెక్ట్లీ రెస్పాన్సిబుల్ ఇండివిడ్యువల్) అంటారు. ఒక పనికి నేరుగా జవాబు చెప్పాల్సిన ఒకే ఒక్క వ్యక్తి అని అర్థం. పనంతా ఆ ఒక్కరే చేస్తారని కాదు. "ఎక్కడిదాకా వచ్చింది?" అని ఎవరైనా అడిగితే చెప్పాల్సింది వాళ్లు.

షేర్డ్ డాక్యుమెంట్‌లో మూడు కాలమ్‌లు చాలు: పని, పేరు, తర్వాత ఎప్పుడు చూడాలి. మీటింగ్ ముగిసేలోపు, అందరూ కూర్చుని ఉండగానే నింపండి. తర్వాత పంపిస్తానని లేస్తే అది ఆగిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఒకే గడిలో రెండు పేర్లు. మొహమాటం వల్లో, ఇద్దరూ సీనియర్లు కాబట్టో అలా రాస్తారు. రెండు పేర్లున్న పనికి ఓనర్ లేనట్టే. పని నిజంగా ఇద్దరిదీ అయితే దాన్ని రెండు ముక్కలు చేసి రెండు వరుసల్లో రాయండి. ఇంకో తప్పు, అన్ని వరుసల్లోనూ మీ పేరే ఉండటం. సగం కంటే ఎక్కువ మీవే ఉంటే మీరు టీంని నడపడం లేదు, టీం మీ కోసం ఆగి ఉంది.

3. తలుపు ఏ రకమో ముందు చూడండి

అమెజాన్ వాటాదారులకు 2015 సంవత్సరానికి రాసిన లేఖలో ఆ కంపెనీ స్థాపకుడు జెఫ్ బెజోస్ నిర్ణయాలను రెండు రకాలుగా విడదీశారు. కొన్ని ఒకవైపు మాత్రమే తెరుచుకునే తలుపులు, వెళ్తే వెనక్కి రాలేం. ఎక్కువవి రెండువైపులా తెరుచుకునేవి, నచ్చకపోతే తిరిగి వచ్చేయొచ్చు. సంస్థ పెద్దదయ్యే కొద్దీ రెండో రకానికి కూడా మొదటి రకానికి చేసేంత హంగామా చేసి నెమ్మదించిపోతుందని ఆయన బాధ. నిజానికి అయిదుగురి టీంలో కూడా అదే జరుగుతుంది.

నిర్ణయం దగ్గర ఆగినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: ఇది తప్పని నెల తర్వాత తేలితే వెనక్కి తీసుకోవడానికి ఏం ఖర్చవుతుంది? రెండు రోజుల పనే అయితే ఆ పని ఓనర్‌ని అక్కడికక్కడే తేల్చేయమనండి, మీ అనుమతి కూడా అక్కర్లేదు. కస్టమర్ల డేటా చెరిపేయడం, మనిషిని తీసేయడం, ఏళ్ల తరబడి కట్టిపడేసే ఒప్పందం మీద సంతకం లాంటివైతే 4వ స్టెప్‌కి పంపండి.

మరుసటి ఏడాది లేఖలో ఇంకో రెండు మాటలున్నాయి. కావాలనుకున్న సమాచారంలో సుమారు 70 శాతం చేతికొచ్చాక నిర్ణయం తీసుకోవచ్చు, 90 శాతం దాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమవుతుంది. రెండోది, ఒప్పుకోకపోయినా కట్టుబడటం. ఒక కార్యక్రమం తీయాలని తన టీం అంటే ఆయనకు నచ్చలేదు. ఆ అభిప్రాయం చెప్పి, అయినా మీతోనే ఉన్నాను, ఇది బాగా ఆడాలని రాసి పంపారు. గమనించండి, అక్కడ తగ్గింది బాస్. మనవాళ్లు ఈ సూత్రాన్ని తిరగేసి, టీం నోరు మూయించడానికి వాడతారు. "నువ్వు ఒప్పుకోకపోయినా చేయాలి, అమెజాన్‌లో అంతే" అని. ముందు మీరు రెండుసార్లు తగ్గి చూపించండి, ఆ తర్వాతే వాళ్లని అడగండి.

4. స్లైడ్లు ఆపి, నోట్ రాసి చదివించండి

అమెజాన్ 2004లో పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపేసింది. దాని బదులు ఆరు పేజీలు మించని నోట్. మీటింగ్ మొదట్లో అందరూ అక్కడే కూర్చుని మౌనంగా చదువుతారు, ఆ తర్వాతే చర్చ. నా ఉద్దేశంలో ఈ మొత్తం జాబితాలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఎక్కువమంది చెడగొట్టేదీ ఇదే. కాబట్టి వివరంగా చెబుతాను.

చిన్న టీంకి ఆరు పేజీలు అక్కర్లేదు. ఒకటిన్నర, రెండు పేజీలు చాలు. ఈ వరుసలో రాయండి:

ఇప్పుడు ఏం జరుగుతోంది, దానివల్ల ఎవరికి ఇబ్బంది. మీరు ఏం చేద్దామంటున్నారు. దానికి మనం ఏం వదులుకోవాలి. వేరే ఏ దారులు చూశారు, ఎందుకు వద్దనుకున్నారు. ఈ మీటింగ్‌లో ఏం తేలాలి.

పూర్తి వాక్యాల్లో రాయాలి. ఎందుకో ఒక ఉదాహరణలో చూడండి. స్లైడ్‌లో అయితే ఇలా ఉంటుంది: "వారాంతపు సపోర్ట్: వేగం పెంచడం, కస్టమర్ సంతృప్తి." దీన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే ఇందులో ఏమీ లేదు. అదే విషయం నోట్‌లో:

"శని, ఆదివారాల్లో వచ్చిన ఫిర్యాదులకు సోమవారం మధ్యాహ్నం దాకా జవాబు వెళ్లడం లేదు. వారాంతంలో ఒకరు డ్యూటీలో ఉంటే ఈ ఆలస్యం పోతుంది. కానీ వాళ్లకి వారం మధ్యలో సెలవివ్వాలి. అప్పుడు బుధవారం పని ఎక్కువగా ఉండే పూట ఒక మనిషి తక్కువ పడతారు."

చివరి రెండు వాక్యాలు చూశారా? స్లైడ్ మీద అవి ఎప్పుడూ రావు. చర్చ జరగాల్సింది వాటి గురించే.

మీటింగ్ నడపడం ఇలా:

- మొదటి పది, పదిహేను నిమిషాలు మౌనంగా చదవడం. "ముందే చదువుకుని రండి" అనొద్దు. సగం మంది చదవరు, చదివినట్టు తలూపుతారు. అమెజాన్ మీటింగ్‌లోనే చదివించడానికి కారణం కూడా ఇదే.
- చదువుతూ డాక్యుమెంట్‌లోనే కామెంట్లు పెట్టమనండి.
- చర్చలో అందరికంటే జూనియర్‌ని ముందు మాట్లాడమనండి. మీరు చివర్లో. లీడ్ నోరు విప్పాక మిగతావాళ్ల అభిప్రాయాలు ఆ వైపే తిరుగుతాయి.
- తేలిన నిర్ణయాన్ని, ఓనర్ పేరుని నోట్ కిందే రాసి ముగించండి.

మొదటిసారి ఆ మౌనం చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఎవరో ఒకరు జోక్ వేస్తారు. మీరు తల దించుకుని చదువుతూనే ఉండండి.

జాగ్రత్తలు: ఒక మంచి నోట్ ఒకటి రెండు రోజుల్లో అయిపోదని, రాసి, తిరగరాసి, పక్కన పెట్టి మళ్లీ చూడాలని బెజోసే రాశారు. కాబట్టి ప్రతి మీటింగ్‌కీ నోట్ అడగకండి. ఒకవైపు తలుపులకే అడగండి. లేకపోతే టీం పని మానేసి వ్యాసాలు రాస్తుంది. ఇంకోటి, భాష మీద మార్కులు వేయకండి. బాగా ఆలోచించేవాళ్లందరూ బాగా రాయలేరు. రాయడం కష్టమైతే ఫోన్‌లో చెప్పి రికార్డ్ చేయమనండి, ఎవరో ఒకరు దాన్ని వాక్యాల్లో పెడతారు. ఇంగ్లీషే కావాలన్న పట్టింపు కూడా వద్దు, టీం ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలో రాయనివ్వండి.

సరిగ్గా జరుగుతోందా అని చూడాలంటే, మీటింగ్ అయిన మర్నాడు ఇద్దరిని విడివిడిగా "నిన్న ఏం తేల్చాం?" అని అడగండి. ఇద్దరూ ఒకేలా చెబితే నోట్ పనిచేసింది.

5. తప్పు జరిగాక: నింద లేని రివ్యూ

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో వేరే కంపెనీలు డేటా దాచుకునే ఎస్3 అనే సేవ అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో నాలుగు గంటలకు పైగా దెబ్బతింది. దాని మీద నడిచే ఎన్నో వెబ్‌సైట్లు ఆగిపోయాయి. కారణం, ఒక ఉద్యోగి కమాండ్ ఇచ్చేటప్పుడు ఒక విలువ తప్పు కొట్టారు. కొద్ది సర్వర్లు తీయాల్సిన చోట చాలా ఎక్కువ పోయాయి. కంపెనీ బయటపెట్టిన వివరణలో ఆ ఉద్యోగి పేరు లేదు, "ఇకపై జాగ్రత్తగా ఉంటాం" అన్న మాటతో సరిపెట్టనూ లేదు. టూల్‌నే మార్చారు: సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీస్తుంది, కనీస సామర్థ్యం కంటే కిందికి పోయేలా ఉంటే ఒప్పుకోదు. (సేవలు ఎలా ఉన్నాయో చూపించే బోర్డు కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో కాసేపు దాన్నే అప్‌డేట్ చేయలేకపోయారు. ఇలాంటివి రివ్యూ చేస్తేనే బయటపడతాయి.)

ఇదీ పద్ధతి. మీ టీంలో ఏదైనా పెద్ద పొరపాటు జరిగితే, పరిస్థితి చక్కబడ్డ రెండు మూడు రోజుల్లోపు కూర్చోండి. మరీ అదే రోజు వద్దు, టెన్షన్‌లో ఉంటారు. వారం దాటితే మర్చిపోతారు.

మొదట టైంలైన్ రాయండి. ఎన్నింటికి ఏం జరిగింది, ఎవరికి ఏం కనిపించింది, అప్పుడు వాళ్లు ఏమనుకున్నారు. తీర్పులు వద్దు.

తర్వాత వాక్యాలను సరిచేయండి. "ఫలానా ఆయన చూసుకోకుండా పాత ఫైల్ పంపేశాడు" అని ఉందనుకోండి. దాన్ని ఇలా మార్చండి: "పాత ఫైల్, కొత్త ఫైల్ ఒకే ఫోల్డర్‌లో దాదాపు ఒకే పేరుతో ఉన్నాయి. పంపేముందు ఇంకొకరు చూసే ఏర్పాటు లేదు." మొదటి వాక్యం నుంచి ఏ పరిష్కారమూ రాదు. రెండోదాన్నుంచి రెండొచ్చాయి.

ఆ పైన "ఎందుకు?" అని అడుగుతూ వెళ్లండి. మీరు మార్చగలిగినది తగిలినప్పుడు ఆగండి. ఇది ఎంత దూరం వెళ్తుందో గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్) ఉదంతంలో చూడొచ్చు. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీర్ ఒకరు స్టాండ్‌బై (అదనంగా ఉంచుకున్న) సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్‌ని చెరిపేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే చాలా ఏర్పాట్లు సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. చివరికి సుమారు ఆరు గంటల నాటి కాపీ దొరికింది, ఆ తర్వాతి మార్పులు పోయాయి. బ్యాకప్ ఎందుకు లేదు? బ్యాకప్ తీసే ప్రోగ్రాం ఫెయిల్ అవుతోంది. ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఫెయిల్ అయిందని వెళ్లే మెయిళ్లు తిరస్కరణకు గురవుతున్నాయి. బ్యాకప్‌లను అప్పుడప్పుడు ఎవరూ పరీక్షించలేదెందుకు? ఆ పనికి ఓనర్ లేరు. చూశారుగా, తప్పు కమాండ్ దగ్గర మొదలై 2వ స్టెప్ దగ్గరికి వచ్చి ఆగింది. అర్ధరాత్రి అలసిపోయిన మనిషిని తిట్టి ఊరుకుని ఉంటే ఈ మెయిళ్ల సంగతి బయటికి వచ్చేదే కాదు.

చివరిగా రెండు లేదా మూడు మార్పులు రాయండి, ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీ. పద్నాలుగు మార్పులు రాస్తే ఒక్కటీ జరగదు. "ఇకనుంచి అందరూ జాగ్రత్తగా ఉండాలి" అన్నది మార్పు కాదు, కొట్టేయండి.

హెచ్చరిక: రివ్యూలో నిజం చెప్పిన మనిషికి తర్వాత అప్రైజల్‌లో దాన్ని ఎత్తి చూపిస్తే ఇక అంతే, ఎవరూ మీకు ఏదీ చెప్పరు. పైవాళ్ల మాట ముందే తీసుకోమన్నది ఇందుకే. ఆ మాట దొరకకపోతే రివ్యూ పేరు పెట్టకుండా, "ఇది మళ్లీ జరక్కుండా ఫోల్డర్ల పేర్లు ఎలా పెడదాం?" అని పద్ధతి గురించే మాట్లాడి వదిలేయండి. అది సగం ప్రయోజనమే, అయినా నమ్మకం చెడదు. కావాలని చేసిన మోసం, వేధింపు లాంటివి వేరే సంగతి. వాటిని ఈ రివ్యూలోకి తేకూడదు.

6. ఒక్కొక్కరితో అరగంట

మేనేజర్లు అసలు అవసరమా అన్న ప్రశ్నతో గూగుల్ 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ అనే అధ్యయనం మొదలుపెట్టింది. మంచి మేనేజర్లలో కనిపించిన ఎనిమిది అలవాట్లను వరసపెడితే సాంకేతిక నైపుణ్యం ఎనిమిదో స్థానంలో వచ్చింది. మొదటిది మంచి కోచ్‌గా ఉండటం. ఇంజినీర్ల కంపెనీలో వచ్చిన ఫలితం ఇది.

వారానికో, రెండు వారాలకో ఒకసారి ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చోండి. పని ఎంతవరకు వచ్చిందని అడగొద్దు, అది 2వ స్టెప్ డాక్యుమెంట్‌లో ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలు చాలు: "మీ పనికి ఏది అడ్డం పడుతోంది?" "నేను చేస్తున్నవాటిలో ఏది మానేస్తే మీకు బాగుంటుంది?" రెండోదానికి మొదట్లో "ఏం లేదండీ, అంతా బానే ఉంది" అనే వస్తుంది. పట్టుబట్టకండి, కానీ ప్రతిసారీ అడగండి. ఏదో రోజు చిన్నది ఒకటి చెబుతారు. దాన్ని ఆ వారమే మార్చండి. అసలు మాటలు ఆ తర్వాత వస్తాయి.

పని ఎక్కువైందని ఈ మీటింగ్ రద్దు చేయకండి, వేరే రోజుకి మార్చండి. అరగంటలో సగం కంటే ఎక్కువసేపు మీరే మాట్లాడితే అది లెక్కలోకి రాదు.

7. ఓకేఆర్‌లు: కావాలంటేనే

అందరూ మొదట దీన్నే అడుగుతారు, అందుకే చివర పెట్టాను. ఓకేఆర్ అంటే ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, లక్ష్యాలు, ముఖ్య ఫలితాలు అని. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ అక్కడ తయారుచేసిన పద్ధతి, గూగుల్‌లో పెట్టుబడి పెట్టిన జాన్ డోర్ 1999లో అక్కడ పరిచయం చేశారు. ఒక లక్ష్యం, దాని కింద కొలవగలిగిన రెండు మూడు ఫలితాలు, మూడు నెలల గడువు. ఇంతే.

చేసే పనుల జాబితాకే ఓకేఆర్ అని పేరు పెట్టుకోవడం అన్నిటికంటే మామూలు పొరపాటు. "కొత్త హెల్ప్ పేజీ తయారుచేయడం" పని. "ఒకే ప్రశ్నతో వచ్చే ఫోన్లు సగానికి తగ్గడం" ఫలితం. గూగుల్‌లో 60 నుంచి 70 శాతం సాధిస్తే బాగా చేసినట్టే లెక్క. ఎప్పుడూ నూరు శాతం వస్తుంటే లక్ష్యం చిన్నదన్నమాట. అందుకే దీన్ని జీతం పెంపుతో ముడిపెట్టకూడదు. ముడిపెట్టిన రోజు నుంచి అందరూ సులువైన లక్ష్యాలే రాస్తారు. మీ దగ్గర ఆ రెండూ విడదీయడం కుదరకపోతే ఓకేఆర్‌లు మొదలుపెట్టకపోవడమే మేలు.

తెచ్చుకోకూడనివి

ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి ర్యాంకులు వేయడం. మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి చేసి, 2013 నవంబరులో ఆపేసింది. ఎనిమిది మంది టీంలో ఎవరో ఒకరు తప్పనిసరిగా చివరివాళ్లు కావాలంటే పక్కవాళ్లకి సాయం చేసేదెవరు?

"వేగంగా కదులు, విరిగితే విరగనీ" అన్న నినాదం. ఫేస్‌బుక్కే 2014లో దాన్ని మార్చి, వేగం పక్కన నిలకడైన వ్యవస్థ అన్న మాట చేర్చింది. పాత నినాదం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఈ మనిషి వెళ్లిపోతానంటే ఆపడానికి నేను పోరాడతానా?" అని మేనేజర్ తనను తాను ప్రశ్నించుకుని, లేదనిపిస్తే ఆ మనిషిని పంపించేసే నెట్‌ఫ్లిక్స్ పద్ధతి. అక్కడ దానికి జోడీగా భారీ జీతాలు, పంపించేసినవాళ్లకి పెద్ద మొత్తాలు ఉన్నాయి. అవి లేకుండా ఇదొక్కటే తెస్తే మిగిలేది భయమే.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదలుపెట్టే ముందే ఒక సంగతి లెక్కపెట్టి రాసుకోండి. పేరు లేని పనులు ఎన్ని, నిర్ణయం తేలడానికి ఎన్ని రోజులు పడుతోంది, ఒకే తప్పు ఎన్నిసార్లు జరిగింది. మీ సమస్యకి సరిపోయేది ఒక్కటి చాలు. ఆరు వారాల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి.

అంకె కంటే ముందు కనిపించే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. చెడు వార్త మీకు బయటివాళ్ల కంటే ముందు టీం నుంచే వస్తోందా? మీరు సెలవులో ఉన్న వారం నిర్ణయాలు ఆగాయా, నడిచాయా? మీటింగ్‌లో ఎవరైనా మీ మాటను అందరి ముందు కాదన్నారా? మూడోది జరిగితే ఆ క్షణం కాస్త చురుక్కుమంటుంది. అక్కడే వాదించకుండా, ఆ మాటని నోట్‌లో రాసుకుని ముందుకెళ్లండి.

ఆరు వారాలకి ఏ మార్పూ లేకపోతే ఆ పద్ధతి ఆపేస్తున్నామని టీంకి చెప్పి ఆపేయండి. చెప్పకుండా వదిలేస్తే తర్వాత మీరు తెచ్చే ఏ పద్ధతినీ ఎవరూ పట్టించుకోరు. ఫలితం ఉంటే మాత్రం రెండోది వెంటనే మొదలుపెట్టకండి. మీరు గుర్తుచేయకపోయినా ఒక నెలపాటు మొదటిది దానంతట అదే నడుస్తుందేమో చూసి, అప్పుడు 1వ స్టెప్‌కి మళ్లీ రండి.